ఫ్లూస్ సంచి: వదిలిన ఊపిరినే మళ్లీ పీల్చుకోవడం

పీల్చే గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఉంటే, వదిలే గాలిలో ఇంకా 16 శాతం దాకా మిగిలే ఉంటుంది. నీటి కింద పనిచేసే డైవర్ నిమిషానికి 20, 25 లీటర్ల గాలి పీల్చినా ఒంటికి పట్టేది సుమారు ఒక లీటరు ఆక్సిజనే. మిగతాదంతా బుడగలై పోతుంది. 10 మీటర్ల లోతుకు దిగితే పీడనం రెట్టింపవుతుంది, వృథా కూడా రెట్టింపవుతుంది. ఒంటికి కావలసిన ఆక్సిజన్ మాత్రం పెరగదు. ఓడల్లో ఉద్యోగం చేసిన ఇంగ్లండ్ వాసి హెన్రీ ఫ్లూస్ 1878లో పేటెంటు తీసుకున్న పరికరం ఈ లెక్క మీదే నిలబడింది.

వదిలిన ఊపిరిని శుభ్రం చేసి మళ్లీ వాడుకోవచ్చన్న ఊహ అంతకుముందే ఉంది. దాన్ని నీటి అడుగున నిజంగా పనికొచ్చే సాధనంగా మార్చినవాడు ఫ్లూస్. ముఖానికి రబ్బరు మాస్కు, దానికి కలిపిన ఊపిరి సంచి, ఆక్సిజన్ నింపిన రాగి సిలిండర్, కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునే కాస్టిక్ పొటాష్ ద్రావణంలో తడిపిన తాళ్లు పేనే నార: భాగాలు ఇవే. మూడు గంటల దాకా పనిచేసేది.

నార ఎందుకంటే, ద్రావణం ఒక డబ్బాలో నిలవుంటే గాలి దాని పైపైనే జారిపోతుంది. పోగుపోగుకీ పట్టించినప్పుడే గాలికి తగిలే తలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. గంటకు 60 లీటర్ల ఆక్సిజన్ వాడితే సుమారు 50 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. దాన్ని పూర్తిగా పట్టుకోవడానికి లెక్క ప్రకారం 230 గ్రాముల పొటాష్ చాలు. ఆచరణలో అంతకంటే ఎక్కువే పెట్టాలి, ఎందుకంటే గాలి ఎప్పుడూ సులువైన దారే వెతుక్కుంటుంది. నార ఒకచోట వదులుగా, ఒకచోట గట్టిగా కూరితే, వదులుగా ఉన్న సందులోంచే గాలంతా పోయి మిగతా పొటాష్ వృథాగా పడి ఉంటుంది. అప్పుడు తలనొప్పి, ఆయాసం మొదలవుతాయి. మాస్కు కారి నీళ్లు లోపలికి చేరితే ఇంకో ప్రమాదం: పొటాష్ కలిసిన ఆ నీరు నోట్లోకి వస్తే నోరు, గొంతు కాలతాయి.

కార్బన్ డయాక్సైడ్ పెరిగితే కనీసం ఆయాసమైనా హెచ్చరిస్తుంది. ఆక్సిజన్ తగ్గితే అదీ ఉండదు. నా దృష్టిలో ఈ తరహా పరికరంలో అన్నిటికన్నా మోసకారి లోపం ఇదే. సంచిలో, ఊపిరితిత్తుల్లో కలిపి 8 లీటర్ల మామూలు గాలి ఉందనుకుందాం. అందులో ఆక్సిజన్ 1.7 లీటర్లు. సిలిండర్‌లోంచి కొత్త ఆక్సిజన్ వదలకుండా ఒక నిమిషం పనిచేస్తే ఒక లీటరు ఖర్చయి, మిగిలిన 7 లీటర్లలో 0.7 మాత్రమే ఉంటుంది, అంటే 10 శాతం. సంచి ఇంకా నిండుగానే కనిపిస్తుంది, ఊపిరి హాయిగానే ఆడుతుంది, మనిషి మాత్రం స్పృహ తప్పుతాడు. అందుకే ఆక్సిజన్ రీబ్రీదర్ (ఇలా వదిలిన ఊపిరినే తిప్పి వాడే పరికరం) వాడేవాళ్లు దిగేముందు లోపలి నైట్రోజన్‌ను తరిమేస్తారు: ఊపిరి మొత్తం బయటికి వదిలి, సంచిని ఆక్సిజన్‌తో నింపి, పీల్చి మళ్లీ బయటికే వదిలి, ఇలా మూడుసార్లు.

అలాగని ఆక్సిజన్ ఎంత ఎక్కువైతే అంత మంచిదని కాదు. పీడనం పెరిగిన ఆక్సిజన్ మూర్ఛ తెప్పిస్తుందని ఫ్రాన్స్‌లో పాల్ బెర్ట్ వెల్లడించింది కూడా 1878లోనే. ఇప్పుడు సాధారణంగా పాటించే హద్దు 1.6 బార్ (నేలమీది గాలి పీడనం సుమారు ఒక బార్), అంటే స్వచ్ఛమైన ఆక్సిజన్‌తో 6 మీటర్ల లోతు. ఫ్లూస్ 1879లో ముందు ఒక తొట్టిలో గంటసేపు మునిగి ఉండి, వారం తర్వాత బయటి నీటిలో 5.5 మీటర్లు దిగాడు. హద్దుకు అంత దగ్గర. పైనున్నవాళ్లు ఉన్నట్టుండి లాగేయడంతో కాస్త గాయపడ్డాడు కూడా. అతని సంచిలో ఉన్నది 50, 60 శాతం ఆక్సిజనే అని తర్వాతివాళ్ల అంచనా. అదే నిజమైతే 12 మీటర్ల లోతులో కూడా 1.3 బార్‌కు మించదు. ఆ కల్తీయే ప్రాణాలు కాపాడిందని నేను నమ్ముతాను.

అసలు పరీక్ష బ్రిటన్‌లో సెవర్న్ నది కింద తవ్వుతున్న రైలు సొరంగంలో జరిగింది. 1879 అక్టోబరులో పెద్ద ఊట బద్దలై తవ్వకమంతా మునిగింది. పనివాళ్లు పారిపోతూ నది కిందున్న ఇనుప తలుపు తెరిచే వదిలేశారు. 1880 నవంబరులో దాన్ని మూయడానికి అలెగ్జాండర్ లాంబర్ట్ అనే డైవర్ గాలి గొట్టంతో వెళ్లాడు. చీకట్లో సుమారు 300 మీటర్లు నడవాలి. గొట్టం తేలి పైకప్పుకు ఒరుసుకుంటూ, కర్రలకు చిక్కుకుంటూ అడుగు ముందుకు పడనివ్వలేదు. ఫ్లూస్ స్వయంగా ప్రయత్నించి వెనుదిరిగాడు. చివరికి అతని పరికరాన్నే లాంబర్ట్ తగిలించుకున్నాడు. మొదటిసారి తలుపుకు అడ్డంగా ఉన్న పట్టాల్లో ఒకటి పీకి వచ్చాడు, రెండోసారి రెండోది తీసి తలుపు మూశాడు.

పక్కనే ఉన్న వాల్వును కూడా చెప్పినన్ని చుట్లు తిప్పి వచ్చాడు. అయినా నీరు అనుకున్నంత వేగంగా తగ్గలేదు. తోడాక చూస్తే ఆ వాల్వు మర ఎడమచేతి వాటంది, అంటే మామూలుకు ఎదురుగా తిప్పితేనే మూసుకుంటుంది. లాంబర్ట్ దాన్ని మూయలేదు, తెరిచాడు.