రెండు ఆదివారాల మధ్య 252 కిలోమీటర్లు

మూడు నెలలు కూర్చుని రాసుకున్న ప్లాన్‌ని ఫిబ్రవరిలో ఒక సాయంత్రం పక్కన పెట్టేసి, తెల్ల కాగితం మీద మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను. అలా చేయబట్టే మేం స్టోర్నవే దాకా నడవగలిగామని ఇప్పటికీ నా నమ్మకం.

స్కాట్లాండ్‌కి పడమటి అంచున, అట్లాంటిక్‌కి ఎదురొడ్డి ఔటర్ హెబ్రిడీస్ దీవులు బారుగా పరుచుకుని ఉంటాయి. దక్షిణాన వాటర్సే దగ్గర మొదలై ఉత్తరాన లూయిస్‌లోని స్టోర్నవే వరకు వెళ్లే కాలిబాట పేరు హెబ్రిడియన్ వే. 252 కిలోమీటర్లు, పది దీవులు. దీవుల్ని కలుపుతూ సముద్రంలో రాళ్లు పోసి కట్టిన ఆరు కట్టల మీదుగా నడవాలి, రెండు చోట్ల ఫెర్రీ ఎక్కాలి. నేను గ్లాస్గోలో ఉద్యోగం చేసుకుంటూ తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. లీడ్స్‌లో ఉన్న మా చెల్లి ఒకరోజు ఫోన్ చేసి "అక్కా, సింహాచలం గిరి ప్రదక్షిణ ముప్ఫై రెండు కిలోమీటర్లు ఒక్క రాత్రిలో తిరిగినవాళ్లం, రోజుకి ఇరవై నడవలేమా?" అంది. అలా మొదలైంది.

నడవగలం. కానీ ప్రదక్షిణలో దారి పొడవునా మజ్జిగ ఇచ్చేవాళ్లు, పులిహోర పెట్టేవాళ్లు ఉంటారు, కాలు నొప్పెడితే ఆటో ఎక్కొచ్చు. ఇక్కడ పీట్ నేల. వేల ఏళ్లుగా సగం కుళ్లి పేరుకున్న నాచుతో స్పాంజిలా నీళ్లు పీల్చుకుని ఉంటుంది. అలాంటి నేల మీద, వీపున పదికిలోల బరువుతో, ఇరవై కిలోమీటర్లంటే రోజంతా పడుతుంది.

మొదట నేను చేసిన ప్లాన్ లెక్కల ప్రకారం బాగానే ఉంది. పన్నెండు మజిలీలు, పన్నెండు రోజులు, గురువారం మొదలు. ఎక్సెల్‌లో వేసి రంగులు కూడా పెట్టాను. ఆ సాయంత్రం తేదీల పక్కన వారాలు రాస్తుంటే రెండో ఆదివారం ఎక్కడ పడిందో కనబడింది. సరిగ్గా మేం హారిస్ కొండలు దిగి లూయిస్‌లో అడుగుపెట్టే రోజు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఈ దీవుల్లో దక్షిణాన బారా, ఎరిస్కే, సౌత్ యూయిస్ట్ క్యాథలిక్ ఊళ్లు. నార్త్ యూయిస్ట్ నుంచి పైకి, ముఖ్యంగా హారిస్, లూయిస్‌లలో ప్రెస్బిటేరియన్ అనే ప్రొటెస్టెంట్ శాఖ సంప్రదాయం బలంగా ఉంది. ఆదివారం వాళ్లకి విశ్రాంతి దినం, మనసా వాచా. కొట్లు దాదాపు అన్నీ మూసేస్తారు, బస్సులు తిరగవు. ఆ రోజు పెరట్లో బట్టలు ఆరేయడం కూడా చాలామందికి నచ్చదు. స్టోర్నవే రేవు నుంచి ఆదివారం ఫెర్రీ మొదలైందే 2009లో, అదీ పెద్ద చర్చ తర్వాత. అంటే ఆ రోజు మాకు కాలు బెణికినా, వానలో టెంట్ తడిసిపోయినా, ఎక్కడానికి బస్సు, కొనడానికి బ్రెడ్డు ముక్క దొరకవు. నా ప్లాన్‌లో ఖాళీ రోజు అసలు లేదు కాబట్టి, ఒక్క ఫెర్రీ గాలికి ఆగిపోయినా మొత్తం తలకిందులవుతుంది.

టెక్కలిలో అమ్మకి ఫోన్‌లో ఇదంతా చెప్పాను. "వాళ్లు ఆగమన్న రోజున మీరు ఆగితే సరిపోతుంది కదే" అంది. అంతే. మూడు నెలలు నాకు తట్టని మాట.

కొత్త కాగితం మీద ముందు రెండు ఆదివారాలు రాసి గుండ్రం చుట్టాను. ఒకటి బర్నరే దీవిలో, రెండోది స్టోర్నవేలో. మొదటి ఫెర్రీ దాటి, కట్టలన్నీ దాటి బర్నరే చేరేసరికి ఆరు మజిలీలు. అక్కడినుంచి రెండో ఫెర్రీలో హారిస్‌లోని లెవర్‌బర్గ్ వెళ్లి, స్టోర్నవే వరకు ఇంకో ఆరు. సోమవారం మొదలుపెడితే శనివారం బర్నరే, ఆదివారం విశ్రాంతి, సోమవారం కొట్లు తెరిచే వేళకి హారిస్ గట్టు మీద ఉంటాం. మళ్లీ శనివారం స్టోర్నవే. ఏదైనా తేడా వస్తే మధ్య ఆదివారం దాన్ని మింగేస్తుంది, చివరి ఆదివారం ఇంకోదాన్ని. ఎంత భయపెట్టిన రోజో అంత ఆసరా అయింది.

ఇక మిగతావన్నీ ఆ చట్రంలోకి ఒకటొకటిగా వచ్చి కూర్చున్నాయి. దక్షిణం నుంచి ఉత్తరానికే ఎందుకంటే ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. రెండు వారాలు ముఖాన కొట్టించుకోవడం కన్నా వీపుకి తగిలించుకోవడం మేలు. నెల విషయంలో చెల్లికీ నాకూ గట్టి వాదనే జరిగింది. మాకెయిర్ అంటారు, సముద్రపు గవ్వల పొడి ఇసుక ఎగిరొచ్చి పడి ఏర్పడ్డ పచ్చిక మైదానాలు. అవి పూలతో నిండేది జూన్, జులైలో. చెల్లికి ఆ పూలు కావాలి. కానీ మిడ్జీలనే కంటికి కనపడీ కనపడనంత చిన్న కుట్టే పురుగులు మబ్బులా కమ్ముకునేదీ అప్పుడే. మే రెండో సగంలో మిడ్జీలు తక్కువ, వాన కూడా మిగతా నెలలకన్నా తక్కువ, పగలు దాదాపు పదిహేడు గంటలు. పూలు వదులుకున్నాం. ఆ నిర్ణయం మీద నాకు ఇప్పటికీ రెండో ఆలోచన లేదు.

బారాకి విమానం కూడా ఉంది. ఆ విమానం సముద్రపు ఒడ్డున ఇసుక మీదే దిగుతుంది, పోటు ఎప్పుడు తీస్తుందో చూసి వేళలు పెడతారు. చూడాలని చాలా మనసైంది. కానీ పొయ్యికి వాడే గ్యాస్ డబ్బా విమానంలో ఎక్కనివ్వరు, దీవిలో దిగాక దొరుకుతుందన్న భరోసా లేదు. అందుకే ఓబన్ రేవు నుంచి బారాలోని కాసిల్‌బే వరకు, అయిదు గంటలకి కాస్త తక్కువగా పట్టే ఓడ. కార్లకి చోటు నెలల ముందే నిండిపోయినా, నడిచి ఎక్కేవాళ్లకి సాధారణంగా అంత ఇబ్బంది ఉండదు.

టెంట్‌కి ఎవరి అనుమతీ అక్కర్లేదు. 2003 నాటి భూసంస్కరణ చట్టం స్కాట్లాండ్‌లో బాధ్యతగా నడుచుకునేవాళ్లకి ఆ హక్కు ఇచ్చింది. పంట ఉన్న చోట, ఇళ్ల పక్కన, పక్షులు నేల మీద గూళ్లు పెట్టే చోట వేయకూడదన్నది మనం పాటించాల్సింది.

తిండి గురించి మాత్రం కాస్త తీరిగ్గా చెప్పాలి. ఎక్కడెక్కడ కొట్లున్నాయో మ్యాప్ మీద ఎర్ర చుక్కలు పెట్టాం: కాసిల్‌బే, డాలిబర్గ్, క్రీగోరీ, లెవర్‌బర్గ్, టార్బర్ట్. మధ్యలో రెండు మూడు రోజులకి సరిపడా మోయాలి. ఇక్కడివాళ్లు వాడే ప్యాకెట్ల తిండి ఒకవారం రుచి చూశాం, ఇద్దరికీ సహించలేదు. అప్పుడు అమ్మ తాతయ్య సంగతి చెప్పింది. ఆయన ఊరూరా నడిచి వెళ్లేటప్పుడు అటుకులు, బెల్లం, పేలపిండి గుడ్డలో మూట కట్టుకునేవారట. ఆలోచిస్తే అంతకన్నా సరైన నడకతిండి ఏముంది? అటుకులకి వేడినీళ్లు పోసి మూతపెడితే చాలు, గ్యాస్ ఖర్చే లేదు. కందిపప్పు మెత్తగా ఉడికించి, ఉప్పు, పసుపు, ఇంగువ వేసి, పళ్లెంలో పలచగా పరిచి ఓవెన్‌లో అతి తక్కువ వేడి మీద రాత్రంతా ఆరబెట్టాను. పొద్దున తీస్తే వడియాల్లా చిటపటమంటూ విరిగింది. మిక్సీలో బరకగా తిప్పి చిన్న కవర్లలో కట్టి, ప్రతి కవరు మీద మార్కర్‌తో రోజు పేరు రాశాను. సోమ, మంగళ, బుధ. అదనంగా ఒకటి కట్టి దాని మీద ఏమీ రాయలేదు. దానికి పక్కనే చింతపండు గుజ్జు, పోపు కలిపి దగ్గరగా వేయించిన పులిహోర ముద్ద ఒక సీసా. వేరుశనగ చిక్కీ జేబుల్లో.

మార్చి, ఏప్రిల్ నెలల్లో గ్లాస్గో పక్కన క్యాంప్సీ కొండల్లో నడక సాధన చేశాం. మొదట ఖాళీ చేతులతో వెళ్లడం నా పొరపాటు. బ్యాగు బరువు పెట్టాకే మడమ మీద బూటు ఎక్కడ ఒరుస్తుందో తెలిసింది. బ్యాగు మొదటిసారి తూచినప్పుడు పద్నాలుగు కిలోలు. చివరికి పదిన్నరకి తెచ్చాను. తగ్గినవన్నీ "ఎందుకైనా మంచిది" అని పెట్టినవే. తగ్గించనివి నాలుగు: రెండో జత సాక్సులు, కాగితం మ్యాప్, దిక్సూచి, పిడుదులు తీసే పట్టకారు. దీవుల్లో గడ్డిలో పిడుదులు ఉంటాయి, లైమ్ జబ్బు తెస్తాయి. రోజూ రాత్రి పిక్కలు, మోకాళ్ల వెనక చూసుకోవడం అన్నం తినడంలాగే అలవాటు చేసుకోవాలి.

మే నెల. వాటర్సేలో మొదటి మైలురాయికి దగ్గర్లోనే, ఒడ్డున ఒక రాతి స్మారకం ఉంది. 1853లో బతుకుతెరువు కోసం కెనడా వెళ్తున్న యానీ జేన్ అనే ఓడ అక్కడ బద్దలై దాదాపు మూడువందల యాభైమంది పోయారు. మేమూ బతుకుతెరువు కోసం సముద్రాలు దాటినవాళ్లమే. చెల్లి చెప్పులు విప్పి నిలబడింది, నేనూ విప్పాను.

సోమవారం బారా మొత్తం దాటాం. మంగళవారం పొద్దున ఎరిస్కే ఫెర్రీ ఎక్కాల్సిన రేవు దగ్గరికి వెళ్తే గాలికి ఆ రోజు ప్రయాణాలన్నీ రద్దు. రేవులో నీళ్లు తెల్లగా నురగలు కక్కుతున్నాయి. చెల్లి నా ముఖంలోకి చూసింది. నేను బ్యాగులోంచి ప్లాన్ కాగితం తీసి, బర్నరే పక్కన చుట్టిన గుండ్రం మీద వేలు పెట్టాను. "ఇక్కడ ఖర్చు పెడదాం" అన్నాను. ఇద్దరం గోడ చాటున కూర్చుని, పేరు రాయని కవరు విప్పుకుని పప్పన్నం తిన్నాం.

బుధవారం ఫెర్రీ నడిచింది. ఆ రాత్రి డాలిబర్గ్ దగ్గర టెంట్‌లో పడుకుంటే గడ్డిలోంచి కార్న్‌క్రేక్ పిట్ట అరుపు, దువ్వెన పళ్ల మీద గోటితో గీసినట్టు, తెల్లవార్లూ. బ్రిటన్‌లో ఆ పిట్ట ఇప్పుడు మిగిలింది ఎక్కువగా ఇలాంటి దీవుల్లోనే. పంట ఆలస్యంగా కోసే రైతులుండబట్టి. పూలు పోతే పోయాయి, ఇది దక్కింది.

ఆదివారం మేం ఆగలేదు, నడిచాం. దారిలో మూసి ఉన్న కొట్టు ముందు నుంచి, చర్చి నుంచి వస్తున్న నల్లకోట్ల పెద్దవాళ్లకి తలవంచి నమస్కారం పెడుతూ. కావాల్సిన తిండి శుక్రవారమే క్రీగోరీలో కొనేసుకున్నాం కాబట్టి ఏ తలుపూ తట్టాల్సిన పని పడలేదు. సాయంత్రం కట్ట మీదుగా బర్నరే చేరేసరికి గాలి పూర్తిగా పడిపోయింది. గడ్డికప్పు రాతి ఇళ్ల పక్కన టెంట్ వేసుకుని, "ఆది" అని రాసిన కవరు విప్పాను. మర్నాడు ఫెర్రీ రాళ్ల మధ్య అటూ ఇటూ వంకర్లు తిరుగుతూ గంటలో హారిస్‌కి చేర్చింది. లెవర్‌బర్గ్‌లో కొట్టు తెరిచే ఉంది.