బెల్లు కొట్టేదాకా ఆపుకోవడం

బుధవారం, రాత్రి.

నిన్న డాక్టర్‌గారు యూరిన్ ఇన్‌ఫెక్షన్ అన్నారు కాబట్టి, పొద్దున్నే స్కూలుకి వెళ్లే ముందు ల్యాబ్‌లో యూరిన్ శాంపిల్ ఇచ్చాను. కౌంటర్ దగ్గర అబ్బాయి చిన్న ప్లాస్టిక్ డబ్బా నా చేతిలో పెట్టి, మొహం చూడకుండా "మొదట వచ్చేది వదిలేసి మధ్యలోది పట్టండి మేడమ్" అన్నాడు, పాపం నాకన్నా అతనికే ఎక్కువ సిగ్గుగా ఉన్నట్టుంది. మంటకి బొట్లు బొట్లుగా వస్తుంటే అందులో మొదలేది, మధ్య ఏది? వచ్చినంత పట్టి, మూత బిగించి, చున్నీ చాటున తెచ్చి ఇచ్చాను. కల్చర్, అంటే శాంపిల్‌లో ఏ బ్యాక్టీరియా పెరుగుతుందో చూసే పరీక్ష, దాని రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుందట. శాంపిల్ ఇచ్చాక యాంటీబయాటిక్ మొదలుపెట్టమన్నారు కాబట్టి ఇడ్లీ తిని మొదటి మాత్ర వేసుకున్నాను.

అమ్మ లెక్కలో ఇదంతా వేడి. బార్లీ నీళ్లు, సబ్జా, కొబ్బరి బొండాం, పల్చటి మజ్జిగ. బెజవాడ ఎండల్లో ఆ మాట కాదనడం కష్టమే, పైగా బార్లీ నీళ్లు తాగితే హాయిగానే ఉంటుంది, ఎంతైనా నీళ్లే కదా. కానీ నిన్న డాక్టర్‌గారు చెప్పింది వేరు. చాలామందిలో ఈ పని ఇ.కోలై అనే బ్యాక్టీరియాది, అది మన పేగుల్లోనే ఉంటుంది, మూత్రం బయటికొచ్చే దారి మగవాళ్లకి ఇరవై సెంటీమీటర్ల దాకా ఉంటే మనకి నాలుగే, అందుకని అది లోపలికి పాకడం తేలిక. కొంచెం పాకినా నీళ్లు బాగా తాగి ఎప్పటికప్పుడు వెళ్తుంటే కొట్టుకుపోతుంది. గంటల తరబడి ఆపుకుంటే అక్కడే కూర్చుని పెరుగుతుంది.

ఆపుకోకుండా ఎలా మరి? ఆడ స్టాఫ్‌కి టాయిలెట్ కింద ఒక్కటే, నా క్లాసులన్నీ మూడో అంతస్తులో. లంచ్ దాకా వరసగా పీరియడ్లు, మధ్యలో ఇచ్చే కాస్త బ్రేక్‌లో కారిడార్ డ్యూటీ, క్లాసు వదిలి అడుగు బయటపెడితే సీసీ కెమెరాలో చూసి ఆయమ్మతో కబురు. అందుకని స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ పొద్దున నీళ్లు ముట్టరు. పిల్లలూ అంతే. ఇవాళ చివరి పీరియడ్‌లో ఏడో తరగతి పిల్లల వాటర్ బాటిళ్లు చూశాను. మగపిల్లలవి ఖాళీ అయిపోయి బెంచీల కింద దొర్లుతున్నాయి, ఆడపిల్లలవి మాత్రం పొద్దున ఇంట్లో నింపి ఇచ్చినట్టే మెడ దాకా ఉన్నాయి. తాగలేదేమే అని ఒకదాన్ని అడిగితే "బాత్రూమ్‌కి గొళ్లెం లేదు టీచర్" అంది. ఎవరో ఒకరు తలుపు పట్టుకుని నిలబడాలట, ఆ పట్టుకునే పిల్ల రాని రోజు ఇంటికి వెళ్లేదాకా ఇక అంతే. వార్షికోత్సవానికి స్టేజీ డెకరేషన్ చూసిన కళ్లతో ఆ తలుపు చూస్తే ఒళ్లు మండింది.

ఇక లీకేజీ. ఇది రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు. మంట మొదలైన దగ్గర్నుంచీ, వస్తోంది అనిపించిందంటే ఇక ఆగదు. కుళాయి చప్పుడు విన్నా, ఇంటి తాళం తీస్తున్నా, అంతే. ఇవాళ మెట్లు దిగుతుంటే రెండో అంతస్తు దగ్గరే కొంచెం పడింది. ముదురు నీలం చుడీదార్ కాబట్టి సరిపోయింది, ఈ మధ్య బీరువాలో లేత రంగులు తీయడమే మానేశాను. నిన్న హాస్పిటల్ హాల్లో అంతమంది ముందు రిసెప్షన్ అమ్మాయి "ప్రాబ్లమ్ ఏంటి? పెళ్లయిందా?" అని గట్టిగా అడిగింది, పెళ్లికీ దీనికీ నలుగురూ ఏం ముడిపెడతారో తెలిసే అడిగినట్టుంది. డాక్టర్‌గారు నయం, తలుపు వేసి మాట్లాడారు. ఇన్‌ఫెక్షన్‌కి బ్లాడర్ (మూత్రం నిలిచే సంచి) లోపలి పొర వాచిపోయి నిండకముందే బిగుసుకుంటుందట, చాలామందికి అది తగ్గగానే ఇదీ తగ్గుతుంది. తగ్గకపోతే మళ్లీ రమ్మన్నారు. చలిజ్వరం, వాంతులు, నడుం పక్కన నొప్పి వస్తే మాత్రం ఇన్‌ఫెక్షన్ కిడ్నీల దాకా పోయినట్టు ఉండొచ్చు, ఆ రోజే వచ్చేయమన్నారు.

దగ్గితే, తుమ్మితే, గెంతితే పడేది ఇంకో రకం. అది కటి కండరాల, అంటే బ్లాడర్‌ని కింద నుంచి పట్టి ఉంచే కండరాల బలహీనత, కాన్పులైనవాళ్లకే వస్తుందని ఏం లేదు. లంచ్‌లో మెల్లిగా కదిపితే మా పీఈటీ మేడమ్ "కాలేజీలో లాంగ్ జంప్‌కి ప్యాడ్ పెట్టుకునే వెళ్లేదాన్ని, చెమట అని చెప్పేదాన్ని" అంది, చపాతీ తుంచుకుంటూ, ఏదో సెలవు చీటీ సంగతి చెప్పినంత మామూలుగా. పాతికేళ్లు కూడా లేవు ఆవిడకి. దానికి కెగెల్ ఎక్సర్‌సైజులట, 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టర్ రాసినవి: మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాలనే ఉత్తప్పుడు బిగించి, కొన్ని సెకన్లు ఉంచి వదలాలి. ఊపిరి బిగపట్టకూడదు, మూత్రం పోసేటప్పుడు చేయకూడదు. రోజూ చేసినా ఫలితం తెలియడానికి మూడు నెలలు పడుతుందట. పాఠం చెప్తూ కూడా చేసుకోవచ్చు, ఎవరికీ తెలియదు. సీసీ కెమెరాకి కూడా.

పక్కన సైన్స్ మేడమ్ "ఇంత హడావిడి ఎందుకు, మెడికల్ షాపులో చెప్తే మాత్రలు ఇస్తారుగా" అంది. రెండు వేసి మంట తగ్గగానే మానేస్తే, మిగిలిన బ్యాక్టీరియా మళ్లీ లేస్తుంది, ఏ మందుకు లొంగుతుందో తెలియడానికే ఆ కల్చర్ అని చెప్పాను. విన్నట్టే తలూపింది.

సాయంత్రం మూత్రం ముదురు పసుపుగా వస్తే అమ్మ కామెర్లేమో అని కంగారుపడింది. నాకిచ్చిన యాంటీబయాటిక్ నైట్రోఫ్యూరాంటాయిన్, అది వేసుకుంటే అలాగే వస్తుందని డాక్టర్‌గారు ముందే చెప్పారు, ఆ సంగతి అమ్మకి చెప్పాను. అయినా దిష్టి తీసింది.

రేపు రెండో పీరియడ్ అయ్యాక కాసేపు నా క్లాసు చూస్తానని హిందీ మేడమ్ ఒప్పుకుంది. బదులుగా శుక్రవారం ఆవిడ నోట్సులన్నీ నేనే దిద్దాలి. ఎనిమిదో తరగతి బీ సెక్షనువి కూడానట, ఆ పిల్లల చేతిరాత తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.