రోజీ వెళ్లిపోయిన దారిలో

తిరువనంతపురంలో కాపిటల్ థియేటర్ ఎక్కడుండేదని అడిగితే ఆటో అతను ఇప్పుడున్న సినిమా హాళ్ల పేర్లన్నీ ఏకరువు పెట్టి, రెట్టింపు కిరాయి తీసుకుని ఏజీ ఆఫీసు దగ్గర దించాడు. మలయాళంలో తొలి సినిమా ‘విగతకుమారన్’ ఈ పరిసరాల్లోనే ఆడిందంటారు. మూకీ అది. 1928 అని కొందరు, 1930 అని కొందరు. ప్రింటు మిగల్లేదు. నాయిక పి.కె. రోజీ కాక్కరిశ్శి అనే జానపద నాటకాలు ఆడే అమ్మాయి, దళితుల్లోని పులయ కులం. వేసింది అగ్రకులమైన నాయర్ స్త్రీ వేషం. ఆమె జడలోని పువ్వును హీరో ముద్దాడే చోట జనం తెర మీదికి రాళ్లు రువ్వారు. ఆ తర్వాత ఆమె గుడిసె తగలబెట్టారు.

తంపానూరులో నాగర్‌కోయిల్ బస్సెక్కాను. డెబ్బై కిలోమీటర్ల దారి, నెయ్యాట్టిన్‌కర దాటేసరికే ప్రాణం విసిగిపోయింది. కళియిక్కావిళ దగ్గర బస్సు మరి కదల్లేదు. కిటికీ పక్కనే ఒక లారీ. రోజీ ఊరు విడిచింది లారీలోనే అని గుర్తొచ్చి దాన్నే చూస్తూ ఉండిపోయాను. నడుమెత్తున ఇనప మెట్టు, తలుపు పక్కన చేతులు రాసుకుని నున్నబడిన కడ్డీ, సీటు వెనక బల్ల మీద మడతపెట్టిన లుంగీ, నీళ్ల సీసా. తరిమేవాళ్లు వెనకుండగా ఆ కడ్డీ పట్టుకుని ఎక్కాలి, ముక్కూ మొహం తెలియని మనిషి పక్కన కూర్చోవాలి. ఏమనుకుని ఎక్కిందో!

ఆ లారీ డ్రైవరు కేశవ పిళ్లైనే పెళ్లి చేసుకుంది. నాగర్‌కోయిల్‌లో రాజమ్మాళ్‌గా పిల్లల్ని పెంచుకుంది. నటించిన సంగతి నలుగురిలో చెప్పుకోలేదు. ఆమె గురించి రాసేవాళ్లు ‘మాయమైపోయింది’ అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇంత రద్దీలోనూ పూటలో చేరే ఊరు! పైగా ఇప్పుడు తమిళనాడులో ఉన్నా, 1956 దాకా నాగర్‌కోయిలూ తిరువనంతపురం ఏలుబడిలోనిదే. ఆమె ఎక్కడికీ మాయం కాలేదు, దశాబ్దాల తరబడి వెతికినవాళ్లే లేరు.

నాగర్‌కోయిల్ వడశేరి స్టాండులో దిగి, ధర చూస్తే గుండె గుభేలుమనే సాంబారన్నం తిన్నాను. అగస్తీశ్వరం కూడా దగ్గరే. ఆ సినిమా తీసి, హీరోగా వేసి, ఆస్తి పోగొట్టుకున్న జె.సి. డేనియల్ 1975లో పోయింది అక్కడే. ఆయన పడ్డ కష్టమూ తక్కువది కాదు. కానీ ఆయన పేరిట కేరళ ప్రభుత్వం 1992 నుంచి అవార్డిస్తోంది. రోజీ పేరిట ఫిల్మ్ సొసైటీని సినిమా రంగంలోని ఆడవాళ్లే 2019లో పెట్టుకోవలసి వచ్చింది. అగస్తీశ్వరం వెళ్లబుద్ధి కాలేదు. రాజమ్మాళ్ కాపురమున్న ఊళ్లోనే పొద్దుపోయేదాకా తిరిగాను.

మనకూ తెలుగు సినిమా పితామహుడనే రఘుపతి వెంకయ్య పేరిట అవార్డుంది. ఆయన, కొడుకు ప్రకాశ్ కలిసి మద్రాసులో తీసిన తొలి తెలుగు మూకీ ‘భీష్మప్రతిజ్ఞ’లో గంగ వేషం వేసింది పెగ్గీ కాస్టెల్లో అనే ఆంగ్లో ఇండియన్ అమ్మాయి. ఆమె గురించి నాలుగు ముక్కలు చెప్పగలిగినవాళ్లు నాకింతవరకు తారసపడలేదు. ఈసారి మద్రాసు వెళ్తే ఆమె కోసమే ఆరా తీస్తాను.