పటిక నీళ్లు, అల్యూమినియం రేకు

ఉదయం ఎనిమిదింటికి బెంగళూరు మత్తికెరెలోని గది నుంచి బయలుదేరేసరికే సన్నగా జల్లు మొదలైంది. ల్యాబ్‌కు చేరగానే గొడుగైనా ఆరబెట్టకుండా, నిన్న సాయంత్రం చార్జింగ్‌లో పెట్టి వెళ్లిన పౌచ్ సెల్ (చదునైన సంచిలాంటి బ్యాటరీ) దగ్గరికే వెళ్లాను. రాత్రికి రాత్రే అది పూరీలా పొంగి ఉంది. అనంతపురం నుంచి వచ్చిన మా జూనియర్ నాకంటే ముందే వచ్చి దాన్ని చూసినట్లున్నాడు. "అన్నా, మళ్లీ గ్యాసే" అన్నాడు మెల్లగా.

ఆ గ్యాస్ హైడ్రోజన్. మేము చేయాలనుకుంటున్నది అల్యూమినియం సల్ఫేట్ కరిగించిన నీటితో నడిచే అల్యూమినియం బ్యాటరీ. అల్యూమినియం అయాన్ లోహంగా మారి రేకు మీద పేరుకోవాలంటే ప్రమాణ విలువల ప్రకారం −1.66 వోల్టుల దాకా దిగాలి. మా ద్రావణం ఆమ్లగుణం కలది, పీహెచ్ 2.6 కాబట్టి, అందులోని హైడ్రోజన్ సుమారు −0.15 వోల్టుల దగ్గరే విడుదల కావడానికి సిద్ధంగా ఉంటుంది. అంటే మనం అల్యూమినియానికని పంపిన ఎలక్ట్రాన్లను దారిలోనే నీరు అందుకుంటుంది. ఇంత అడ్డంకి ఉన్నా ఈ లోహాన్ని వదలబుద్ధి కాకపోవడానికి కారణం, ఒక్కో అయాన్ మూడు ఎలక్ట్రాన్లను మోయడమే. నిల్వ చేయగల విద్యుత్తు లెక్కలో, గ్రాముకు 2980 మిల్లీ ఆంపియర్ అవర్లన్నది లిథియం ఇచ్చే 3860 కంటే తక్కువే అయినా, ఘన సెంటీమీటరు లెక్కన చూస్తే అల్యూమినియం 8046 ఇస్తుంది, లిథియం 2062 దగ్గరే ఆగిపోతుంది. అయానిక్ ద్రవాలతో, అంటే నీరు లేకుండా ద్రవంగా ఉండే లవణాలతో, ఈ లోహాన్ని చక్కగా పూత పూయవచ్చు. కానీ అల్యూమినియం క్లోరైడ్‌తో చేసే ఆ ద్రవాలు గాలిలోని తేమ తగిలితేనే చెడిపోతాయి, స్టీలు తొడుగునూ తినేస్తాయి. నిప్పు అంటుకోని, బల్ల మీదే కలుపుకోగలిగే నీటి ద్రావణం వైపే నా మనసు మొగ్గుతుంది.

ఉబ్బిన సెల్‌ను పక్కన పెట్టి, అదే ద్రావణాన్ని చిన్న గాజు బీకరులో పోసి, కొత్త రేకు ముక్కను ముంచి కరెంటు ఇచ్చి, భూతద్దంతో అరగంట చూశాను. నువ్వుగింజలో సగమైనా లేని బుడగలు కత్తెర పడిన అంచు వెంబడి వరుసగా పుట్టి, కాసేపు అంటిపెట్టుకుని ఉండి, పక్కవాటితో కలిసి పెద్దవై పైకి పోయాయి. రేకు మధ్య భాగం చాలాసేపు నిశ్చలంగానే ఉంది. అక్కడ కొద్ది నానోమీటర్ల ఆక్సైడ్ పొర కాపు కాస్తోంది. అయితే ఆ పొర బుడగలను ఆపినట్లే అల్యూమినియాన్ని కూడా ఆపుతుంది, అందువల్ల దాన్ని పూర్తిగా మిత్రుడనీ అనలేను.

మధ్యాహ్నం సీసాలో కొత్త ద్రావణం కలుపుతున్నప్పుడు అమ్మమ్మ గుర్తుకొచ్చింది. గోదావరి కాలువకు ఎర్రనీరు వచ్చిన రోజుల్లో ఆవిడ ఇత్తడి బిందెలో పటిక ముక్కను నాలుగు సార్లు తిప్పి వదిలేస్తే తెల్లారేసరికి బురదంతా అడుగుకు చేరేది. పటికలో ఉన్నదీ అల్యూమినియమే. మూడు ధనావేశాలున్న దాని చిన్న అయాన్ తన చుట్టూ ఆరు నీటి అణువులను గట్టిగా లాక్కుంటుంది. ఆ లాగుడుకు వాటిలోని ప్రోటాన్లు (హైడ్రోజన్ అయాన్లు) పట్టు తప్పి బయటికి వస్తాయి. కాలువ నీటిలోని క్షారత ఆ ఆమ్లాన్ని మింగేస్తుంది కాబట్టి అల్యూమినియం హైడ్రాక్సైడ్ మెత్తటి తుంపులుగా ఏర్పడి మట్టిని తనతో పాటు దించేస్తుంది. మా సీసాలో ఆ క్షారత లేదు, ఆమ్లం ఆమ్లంగానే నిలిచిపోతుంది. ఆవిడ బిందెలో నీటిని తేర్చిన గుణమే ఇక్కడ మా సెల్‌ను ఉబ్బిస్తోంది.

2015లో లిథియం లవణాన్ని కిలో నీటికి 21 మోల్‌ల చొప్పున కరిగించి, ఒక్కో అయాన్‌కు మూడు కంటే తక్కువ నీటి అణువులే మిగిలేటట్లు చేసి, నీరు విడిపోయే 1.23 వోల్టుల సహజ హద్దు దాటి దాదాపు 3 వోల్టుల దాకా నీటిని నిలబెట్టిన పని వెలువడింది. ఆ దారిలో వెళ్లేవారు అల్యూమినియం ట్రైఫ్లేట్ వాడతారు. అది ఖరీదైన లవణం. చవకగా దొరికే లోహం కోసం బయలుదేరి ఖరీదైన లవణం దగ్గర ఆగడం నాకు సమ్మతం కాదు. నీటి శుద్ధి కేంద్రాల్లో వాడే సల్ఫేటుతోనే పని జరగాలని నా పట్టుదల. దాని చిక్కు దానికీ ఉంది: ఎంత కరిగించినా ఒక్కో అల్యూమినియం అయాన్‌కు పాతిక దాకా నీటి అణువులు ఉంటాయి, అందులో ఆరే దాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. మిగిలిన వాటిని కట్టడి చేయడానికి గ్లిసరాల్ కలుపుతున్నాను. అది నీటితో హైడ్రోజన్ బంధాలు వేసుకుని నీటి అణువుల మధ్య అల్లికను చెదరగొడుతుంది. ఈ రోజు మోతాదు పెంచితే బుడగలు తగ్గాయి, కానీ పిపెట్ నుంచి చుక్క జారడానికే బద్ధకించేంతగా ద్రావణం చిక్కబడింది, వాహకత కూడా పడిపోయింది. రేపు సగానికి తగ్గిస్తాను.

సాయంత్రం అసలు భయపడుతున్న పరీక్ష పూర్తయింది. సెల్‌లో రేకుకు ఎదురుగా ఉండే మాంగనీస్ డయాక్సైడ్ కాథోడ్‌లోకి (ధన ధ్రువంలోకి) వెళ్తున్నది అల్యూమినియమా, ప్రోటానా అని తేల్చుకోవడానికి, అసలు అల్యూమినియమే లేకుండా పొటాషియం సల్ఫేట్, కొద్దిగా సల్ఫ్యూరిక్ ఆమ్లంతో అదే పీహెచ్ ఉన్న ద్రావణం చేసి మరో సెల్ నడిపాను. రెండు డిశ్చార్జ్ గీతలను ఒకే కాగితం మీద వేసి చూస్తే మొదటి భాగమంతా ఒకదాని మీద ఒకటి పడ్డాయి, ఆ తరువాతే విడిపోయాయి. జూనియర్ చాలాసేపు ఆ కాగితాన్నే చూసి, "అయితే మనం చూసినదంతా ప్రోటానేనా అన్నా?" అని అడిగాడు. అంతా కాదు, కానీ మనం అనుకున్నదానికంటే ఎక్కువ భాగం దానిదేనని చెప్పాను. గత మూడు వారాల పట్టికలు బయటికి తీసి, అల్యూమినియం పేరిట రాసుకున్న ప్రతి సంఖ్య పక్కనా పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టుకుంటూ వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర అయింది.