మిద్దె మీద చాప, రెండు పేర్ల చుక్కలు

సంక్రాంతికి అమెరికా నుంచి అనంతపురం వచ్చిన పిల్లలు మొదటి వారం తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు. వాళ్లను మళ్లీ పడుకోబెట్టాలని కుస్తీ పట్టకండి, చేతికి ఫోనూ ఇవ్వకండి. చాప, దుప్పటి తీసుకుని మిద్దె ఎక్కండి. జనవరి రెండో వారంలో నాలుగు, అయిదు గంటల మధ్య ఉత్తరాన సప్తర్షి మండలం నిండుగా పైకెక్కి ఉంటుంది. అయిదింటికి దక్షిణాన, నేలకు కాస్త పైన, త్రిశంకు (బడిలో సదరన్ క్రాస్) దాదాపు నిటారుగా నిలబడుతుంది. న్యూజెర్సీలోగానీ డల్లాస్‌లోగానీ పిల్లలు ఎంత వెతికినా దొరకని మండలమది. భోగి రోజు మాత్రం ఆశ పెట్టుకోవద్దు. వీధివీధినా మంటల పొగ సరిగ్గా ఆ ఎత్తులోనే తెరలా అడ్డం నిలుస్తుంది.

కొలత పిల్లల చేతిలోనే ఉంది. చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. జాన 20 డిగ్రీల దాకా వస్తుంది. నడిమి మూడు వేళ్లు 5 డిగ్రీలు. చిన్న పిల్లలకు చెయ్యీ పొట్టి, పిడికిలీ చిన్నది కాబట్టి లెక్క పెద్దగా తప్పదు. ధ్రువ నక్షత్రం ఎత్తు మనం నిలబడ్డ ఊరి అక్షాంశమంతే ఉంటుంది: న్యూజెర్సీలో నాలుగు పిడికిళ్లు, లండన్‌లో అయిదు, అనంతపురం, కడపల్లో ఒకటిన్నరే. కర్నూలులో ఇంకొక్క డిగ్రీ ఎక్కువ. పిల్లలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. అలవాటు కొద్దీ పైకి చూస్తారు, చుక్క కనపడక విసుక్కుంటారు. పైగా ధ్రువుడు అన్నిటికన్నా వెలిగే చుక్క అని పెద్దవాళ్లే చెప్పి ఉంటారు. అది మామూలు చుక్కే, పట్నం దీపాల వెలుగులో, దుమ్ములో ఇట్టే కలిసిపోతుంది. ఉత్తరం వైపు చెట్లూ గోడలూ లేని మిద్దె ఎంచుకోండి.

సప్తర్షులు కూడా న్యూజెర్సీలోలా రాత్రంతా ఉండరు. జనవరి రాత్రి ఎనిమిదికి వెతికితే ఒక్క చుక్క ఈశాన్యపు అంచున మొదలవుతుంది, ఏడూ పైకొచ్చేసరికి పదకొండున్నర దాటుతుంది. అంతసేపు మేల్కొన్నవాళ్లకు అవ్వ చెప్పే 'ముసలమ్మ మంచం' కథ బాగుంటుంది: నాలుగు చుక్కలు మంచం కోళ్లు, మూడు చుక్కలు దాన్ని ఎత్తుకుపోయే దొంగలు. బడిలో ఈ ఏడింటినే గరిటె అని నేర్పి ఉంటారు. ఏది సరైనదని పిల్లలు అడిగితే తీర్పు చెప్పొద్దు, రెండు బొమ్మలూ వాళ్ల చేతనే గీయించండి. తోకలో నడిమి చుక్క వశిష్ఠుడు, దాన్ని ఆనుకున్న సన్నటి చుక్క అరుంధతి. మంచి కళ్లున్న పిల్లలకు అద్దాలు లేకుండానే రెండూ విడిగా కనిపిస్తాయి.

రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటలకైతే మృగవ్యాధుడే (వేటగాడు, బడిలో ఒరాయన్) దొర. అక్కడ దక్షిణపు ఆకాశంలో సగం ఎత్తున నిలబడే ఒరాయన్ ఇక్కడ పదిన్నరకల్లా దాదాపు నెత్తిమీదికి వస్తాడు, మెడ నొప్పి పుట్టకుండా పడుకునే చూడాలి. నడుముకు మూడు చుక్కలు. వాటికి మీ ఊళ్లో ఏ పేరుందో జేజిని పిల్లల చేతే అడిగించండి. గొర్రుకొయ్యలు అనొచ్చు, ఇంకేదైనా అనొచ్చు. భుజం దగ్గరి ఎర్ర చుక్క బీటల్‌జూస్, అదే మన ఆర్ద్ర. తల దగ్గరి మూడు మసక చుక్కలు మృగశిర. 'మృగశిర అంటే ఒరాయనే' అని చాలామంది తేలిగ్గా చెప్పేస్తారు, అది తప్పు. ఒక్క వేటగాడి ఒంట్లోనే మనకు రెండు నక్షత్రాలున్నాయి. బడిలో చెప్పే 88 మండలాలు ఆకాశం మొత్తాన్ని పంచుకున్నవి, మన 27 నక్షత్రాలు చంద్రుడి దారి వెంబడి పెట్టుకున్న మజిలీలు. రెండు పట్టికలనూ ఒకదానికొకటి అతికించబోతే ఎక్కడో ఒకచోట ఊడిపోతుంది.

ఎనిమిది, తొమ్మిదికి నెత్తిమీద ఉండే గుంపు కృత్తిక. పల్లెల్లో పిల్లలకోడి. బడిలో ఏడుగురు అక్కచెల్లెళ్లని నేర్చుకుంటారు, ఇంట్లో కుమారస్వామికి పాలిచ్చిన ఆరుగురు తల్లులని వింటారు. లెక్క పెట్టమనండి. చాలామందికి ఆరు తేలుతాయి, కొందరికి ఏడు, చీకటి బాగుంటే ఇంకా ఎక్కువ. దక్షిణాన, కాస్త తూర్పుగా, రెండు పిడికిళ్ల లోపు ఎత్తులో వెలిగేది అగస్త్యుడు (బడిలో కనోపస్). న్యూజెర్సీలో ఆ చుక్క ఎప్పటికీ ఉదయించదు.

జన్మ నక్షత్రం చూపిస్తామని మాట ఇచ్చే ముందు అదేమిటో చూసుకోండి. రోహిణి, మఖ, చిత్త, స్వాతి, జ్యేష్ఠ అయితే ఇబ్బంది లేదు. పుష్యమి, రేవతి అయితే ఊళ్లో నిలబడి చూపించలేరు, బిడ్డ మొహం చిన్నబోతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని విన్న పిల్లలు మే నెలాఖరులో ఆ చుక్క కోసం వెతుకుతారు. అప్పుడు సూర్యుడే రోహిణి దగ్గర ఉంటాడు. అందుకే ఆ కార్తె, అందుకే ఆ చుక్క కనపడదు. జనవరి రాత్రి కృత్తిక పక్కనే నారింజ రంగులో ఉంటుంది. ఆ వెలుగు బయలుదేరి సుమారు 65 ఏళ్లయింది, అవ్వ వయసుకు సరిపోతుంది. తొమ్మిదేళ్ల బిడ్డకు సిరియస్ చుక్కను ఇవ్వండి, దానికి 8.6 ఏళ్లు.

రోజు ఎంచుకోవడానికి గోడ క్యాలెండర్ చాలు: బహుళ పంచమి నుంచి శుద్ధ తదియ దాకా సాయంత్రాలకు వెన్నెల అడ్డు రాదు. కళ్లు చీకటికి అలవాటు పడడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, మధ్యలో ఒక్కసారి ఫోన్ వెలిగించారా, మళ్లీ మొదటికే. టార్చికి ఎర్ర గాజుకాగితం చుట్టండి. గండికోట దాకా వెళ్లేవాళ్లు పెన్నా లోయ అంచుకు దూరంగా, వెలుగుండగానే చూసుకున్న చోట కూర్చోండి.

తిరిగి వెళ్లాక జనవరి చివరి వారంలో వీడియో కాల్ ఒకటి పెట్టుకోండి. న్యూజెర్సీలో సాయంత్రం ఆరున్నర, ఇక్కడ అవ్వ లేచే అయిదు గంటలు. రెండుచోట్లా చీకటే. మూడు వేళ్ల దూరంలో జంటగా ఉండే పునర్వసు అక్కడ తూర్పున మూడు పిడికిళ్ల ఎత్తు ఎక్కి ఉంటుంది, ఇక్కడ పడమట ఒకటిన్నర పిడికిళ్లకు దిగి ఉంటుంది. ఫిబ్రవరి నడిమికి వాయిదా వేస్తే అవ్వ వైపు అస్తమించేసి ఉంటుంది.