మేనల్లుడి రక్తంలో సీసం

పర్లాకిమిడిలో మా బావగారు పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే పని చేస్తారు. మేనల్లుడికి తరచూ కడుపునొప్పి, మలబద్ధకం, మొహం పాలిపోవడం. నులిపురుగులేమో అనుకున్నారు. విశాఖపట్నంలో రక్తపరీక్ష చేయిస్తే డెసిలీటరుకు 52 మైక్రోగ్రాముల సీసం! పిల్లల్లో 45 దాటితే కీలేషన్ చికిత్స, అంటే మందుతో సీసాన్ని బయటికి తీసే చికిత్స చేస్తారు.

సక్సిమర్ గుళికలు 5 రోజులు 8 గంటలకోసారి, తర్వాత 14 రోజులు 12 గంటలకోసారి. మందు సీసాన్ని పట్టుకుని మూత్రంలో బయటికి పంపుతుంది. మూత తీస్తే కుళ్లిన గుడ్డు వాసన. అక్క గుళిక విప్పి, పొడిని మెత్తటి అన్నంలో కలిపి పెడితే వాడు ముక్కు మూసుకుని మింగేవాడు, పాపం.

అంకె బాగా తగ్గి, మళ్లీ కాస్త పెరిగింది. ఎముకల్లో చేరిన సీసం నెమ్మదిగా రక్తంలోకి వస్తుంది. ఇంట్లో సీసం దుమ్ము ఆగకపోతే ఏ మందూ నిలవదు. బావగారి పనిబట్టలు ఇప్పుడు గడప దాటి లోపలికి రావు.

"ఒంట్లో విషాలు కడిగేస్తాం" అంటూ ఏ పరీక్షా లేకుండా కీలేషన్ సెలైన్లు ఎక్కించేవారిని చూస్తే ఒళ్లు మండుతోంది. ఈడీటీఏ అనే కీలేషన్ మందులో ఒక రకానికి బదులు ఇంకొకటి ఎక్కిస్తే రక్తంలో కాల్షియం పడిపోతుంది. 2005లో అమెరికాలో ఐదేళ్ల బాబు అలాగే చనిపోయాడు.

బ్యాటరీల పని చేసే ఇళ్లవారూ, ముందు పిల్లలకు సీసం పరీక్ష చేయించండి.