బొడోనీ సన్నగీతలు ఎక్కడ నిలుస్తాయి, ఎక్కడ తెగుతాయి

బొడోనీ, డిడో ఫాంట్ల సొగసంతా లావు నిలువు గీతకీ, వెంట్రుకంత సన్నటి అడ్డగీతకీ మధ్య తేడాలోనే ఉంది. 18వ శతాబ్దం చివర్లో పార్మాలో జాంబాటిస్టా బొడోనీ, పారిస్‌లో ఫిర్మిన్ డిడో ఈ తరహాని తీర్చిదిద్దారు. నున్నటి కాగితం మీదే పండే అక్షరాలివి.

చిక్కల్లా సైజు తగ్గించినప్పుడే. 72 పాయింట్ల శీర్షిక కోసం గీసినదాన్ని 9 పాయింట్లకి దించితే ఇంగ్లిష్ చిన్న 'ఇ' మధ్య గీత ఎగిరిపోయి 'సి'లా కనిపిస్తుంది. బొడోనీ తరహాలో ఇప్పటి అవసరాలకి గీసిన బొడోనీ మోడా ఫాంట్‌లో ఆప్టికల్ సైజ్ సదుపాయం పెట్టింది ఇందుకే: చిన్న సైజులో సన్నగీతలు కాస్త లావెక్కుతాయి. వెబ్‌లో సైజుని బట్టి గీతల మందం మార్చుకోగల ఆ వేరియబుల్ ఫైలే ఎక్కించండి, మిగతాది బ్రౌజర్ చూసుకుంటుంది. గీతల మందం మారని స్టాటిక్ ఫైల్ పెట్టేసి ఫాంట్‌ని తిట్టేవాళ్లే ఎక్కువ!

ప్రింట్‌లో నల్లటి నేపథ్యం మీద తెల్ల అక్షరాలు మరీ ప్రమాదం. సిరా పాకి సన్నగీతల్ని మింగేస్తుంది. నాలుగు రంగులు కలిపిన నలుపైతే, ఒక్కో రంగుకీ ఉండే ప్రింటింగ్ ప్లేట్లు ఏమాత్రం జరిగినా అంచుల్లో రంగు తొంగిచూస్తుంది. ఒక్క నల్ల సిరాతో సరిపెట్టి, ఒక మెట్టు లావు వెయిట్ తీసుకోండి. బాడీ టెక్స్ట్‌కి, అంటే పేరాల్లో చదివే అసలు మేటర్‌కి మాత్రం, కాంట్రాస్ట్ (లావు, సన్న గీతల తేడా) తక్కువున్న వేరే ఫాంటే మేలు.